బర్క్ వంశానికి ఆద్యుడు ఎవరు? పట్టా తెచ్చిన విలియమా, నేల దక్కించుకున్న ఎడ్మండా?

లిఫీగట్టు:
పోయిన శనివారం ఐర్లండ్‌లోని టిప్పరరీలో అథాసెల్ మఠం చూసొచ్చాను. గోల్డెన్ అనే ఊరు దాటాక బండి ఆపేసి, ఆవులు మేసే పచ్చికలో నడుచుకుంటూ పోవాలి. టికెట్టు లేదు, అడిగే మనిషి లేడు. ముందు పాత రాతి వంతెన, దాని అవతల గుమ్మం బురుజు, లోపల నాలుగెకరాల మేర పైకప్పులేని గోడలు. చుట్టూ ఒకప్పుడు ఊరుండేదట, ఇప్పుడు గడ్డే మిగిలింది. 1200 ప్రాంతంలో దీన్ని కట్టించిన విలియం డి బర్గ్‌ని ఇక్కడే పూడ్చారు.

1185లో ఇంగ్లండ్ రాకుమారుడు జాన్ వెంట ఐర్లండ్‌కొచ్చిన నార్మన్ ఈయన. మన్‌స్టర్‌లో భూములు సంపాదించాడు. థోమండ్ రాజు డొనాల్ మోర్ ఓబ్రయన్‌కి అల్లుడయ్యాడని చెబుతారు. కొడుకు రిచర్డ్‌కి 1227లో ఐర్లండ్ పడమట ఉన్న కొనాక్ట్‌లో చాలా భాగం ఇంగ్లండ్ రాజు దానపత్రం రాసిచ్చాడు. 1235లో రిచర్డ్ సైన్యంతో దిగి దాన్ని గెలిచాడు. మనవడు వాల్టర్ 1263లో ఉత్తరాన అల్‌స్టర్‌కి ఎర్ల్, అంటే పెద్ద ప్రభువు, అయ్యాడు. డి బర్గే తర్వాత బర్క్ అయింది. నా లెక్కలో ఆద్యుడు విలియమే.

మా ఆఫీసులో కొనాక్ట్‌లోని మేయో నుంచి వచ్చిన బర్క్ ఒకాయన ఉన్నాడు. ఆయన మాత్రం "మా వంశం ఎడ్మండ్ ఆల్బనాహ్‌తో మొదలు, విలియంతో కాదు" అన్నాడు. మీరేమంటారు?

పాతకోటలు:
మీ ఆఫీసాయన చెప్పిందే సరైనదండీ. 1333 దగ్గర ఆగి చూస్తే తెలుస్తుంది.

అప్పటి అల్‌స్టర్ ఎర్ల్ ఇరవై ఏళ్ల కుర్రాడు. పేరు విలియమే, బ్రౌన్ ఎర్ల్ అనేవాళ్లు. అంతకు ముందు ఏడాది సొంత దాయాది వాల్టర్‌ని (1263 నాటి ఎర్ల్ కాదు, వేరే వాల్టర్) ఉత్తరాన నార్త్‌బర్గ్ కోటలో బంధించి, తిండి పెట్టకుండా చంపాడు. ఆ వాల్టర్ తోడబుట్టిన గిల్‌ని మాండెవిల్ ఇంటికి ఇచ్చారు. 1333 జూన్ 6న మాండెవిల్‌లు ఎర్ల్‌ని చంపేశారు. అన్న చావుకి ఆ ఆడపడుచు తీర్చుకున్న పగ అది అంటారు. ఎడ్మండ్ కూడా ఆ వాల్టర్ తమ్ముడేనండీ, అది మరిచిపోకండి.

ఎర్ల్‌కి మిగిలింది పాలుతాగే కూతురు ఎలిజబెత్ ఒక్కతే. ఇంగ్లీషు చట్టం ప్రకారం కొనాక్ట్, అల్‌స్టర్ మొత్తం ఆ పాపకే. మగ దాయాదులకు సెంటు భూమి రాదు. ఎడ్మండ్, గాల్వే వైపు ఉలిక్ ఇద్దరూ ఒప్పుకోలేదు. మేయోని ఒకరు, గాల్వే చుట్టుపక్కల్ని ఒకరు పట్టుకుని కూర్చున్నారు. మన పహాణీ భాషలో చెప్పాలంటే పట్టాదారు కాలంలో పాప పేరు, అనుభవదారు కాలంలో వీళ్ల పేర్లు. ఇద్దరూ మెక్‌విలియం అనే గేలిక్ (ఐరిష్ భాష) బిరుదు పెట్టుకున్నారు. ఎడ్మండ్‌ది మెక్‌విలియం ఈఖ్తర్ (దిగువ), ఉలిక్‌ది మెక్‌విలియం ఊఖ్తర్ (ఎగువ). భాష, దుస్తులు, పాటించే చట్టం, అన్నీ ఐరిష్‌వే అయిపోయాయి. విలియం తెచ్చిన వంశం 1333లో ఆగిపోయింది. బర్క్‌లు అని ఈ రోజు మనం పిలిచేది ఈ ఇద్దరి వల్ల నిలబడినవాళ్లని.

లిఫీగట్టు:
ఆగిపోవడం ఏమిటండీ, రక్తం అదే కదా! ఎడ్మండ్ విలియంకి అయిదో తరం మనిషి. పైగా మెక్‌విలియం అంటేనే "విలియం కొడుకు". బిరుదులోనే ఆద్యుడి పేరుంది.

ఇంకో మాట. 1338లో ఎడ్మండ్ సొంత వంశంవాణ్ణే, ఎర్ర ఎర్ల్ (బ్రౌన్ ఎర్ల్ తాత రిచర్డ్) కొడుకుని, మెడకు రాయి కట్టించి లాఖ్ మాస్క్ సరస్సులో ముంచి చంపాడు. ఆయన పేరు కూడా ఎడ్మండే. దాయాదిని నీళ్లలో ముంచినవాణ్ణి వంశకర్త అనడానికి నాకు నోరు రావట్లేదు.

గోదారిబిడ్డ:
ఇద్దరూ ఎలిజబెత్‌ని పక్కన పెట్టేశారు. నాకు బాధనిపించేది అక్కడే. తండ్రి చచ్చేనాటికి ఆమెకి ఏడాది కూడా నిండి ఉండదు. పిల్లగా ఉండగానే రాజు మూడో ఎడ్వర్డ్ కొడుకు లయొనెల్‌కి కట్టబెట్టారు. 1361లో లయొనెల్ సైన్యంతో వచ్చింది ఆమె ఆస్తి రాబట్టడానికి కూడా. కొనాక్ట్ మాత్రం చేతికి రాలేదు. 1366లో ఆయన అధ్యక్షతనే కిల్కెన్నీ శాసనాలు చేశారు. ఐర్లండ్‌లోని ఇంగ్లీషువాళ్లు ఐరిష్ మాట్లాడకూడదు, ఐరిష్‌వాళ్లతో వియ్యమందకూడదు అని. ఆ నిషేధాలన్నీ ఎవరిని చూసి పెట్టారో బర్క్‌ల వైపు చూస్తే అర్థమవుతుంది.

ఎలిజబెత్ సంతానంలోనే నాలుగో ఎడ్వర్డ్ 1461లో ఇంగ్లండ్ రాజయ్యాడు. విలియం తెచ్చుకున్న హక్కు నిజంగా చేరింది అక్కడికి. కాబట్టి విలియం స్థాపించిన వంశానికి వారసులు బర్క్‌లు కాదు, ఆమె పిల్లలు. ఆ రకంగా నేనూ పాతకోటలు గారి వైపే. కానీ "పాప" అని ఒక్క మాటలో దాటేయకండి, హక్కు ఆమెది.

పాతకోటలు:
అమ్మా, ఒప్పుకుంటున్నాను. ఆమెకు జరిగింది అన్యాయమే.

లిఫీగట్టు గారూ, లాఖ్ మాస్క్ హత్యని నేను సమర్థించను. ఐరిష్ వార్షిక చరిత్రలే దాన్ని కొనాక్ట్ ఇంగ్లీషువాళ్లకూ ఎడ్మండ్‌కూ నాశనం తెచ్చిన పని అని రాశాయి. వెంటనే కొనాక్ట్ ఐరిష్ రాజు టర్లో ఓకానర్ తరిమేస్తే, ఎడ్మండ్ ఓడలు వేసుకుని సముద్రంలో దీవులు పట్టుకు తిరిగాడు. అయినా తిరిగొచ్చి, 1375లో చనిపోయేదాకా మేయోని వదల్లేదు. నేను వంశకర్త అన్నది మంచివాడని కాదండీ.

మెక్‌విలియం సంగతంటారా, ఎడ్మండ్ తండ్రి పేరు కూడా విలియమే. 1316లో అథెన్రీ యుద్ధంలో ఫెలిమ్ ఓకానర్‌ని ఓడించిన విలియం లియా. మేయోలో బిరుదు పలికేవాళ్లకి గుర్తొచ్చేది ఆయన కాకూడదా?

ఇంకొకటి చూడండి. 1543లో గాల్వే బర్క్ ఉలిక్‌కి ఎనిమిదో హెన్రీ క్లాన్‌రికార్డ్ ఎర్ల్ పదవి ఇచ్చాడు. ముందు మెక్‌విలియం బిరుదు వదులుకోమన్నారు, తర్వాత భూమిని కొత్తగా రాసిచ్చారు. 1227 నాటి పత్రం చేతిలో చెల్లుతూ ఉంటే కొత్తది ఎందుకు?

లిఫీగట్టు:
1543 సంగతి నేను ఆలోచించలేదు, అది గట్టి మాటే. మేయో వరకు ఎడ్మండ్ అని ఒప్పుకుంటాను. ఎలిజబెత్, ఎడ్మండ్, మునిగిపోయిన ఆ ఇంకో ఎడ్మండ్, ముగ్గురూ కలిసేది మాత్రం విలియం దగ్గరే, ఆయన కొడుకు రిచర్డ్ దగ్గరే. ఆ ఇద్దర్నీ తీసేసి ఈ కథ ఎలా మొదలుపెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వచ్చే నెల బాలిన్‌రోబ్ వెళ్తున్నాను, లాఖ్ మాస్క్ ఒడ్డు దాకా పోయి ఫోటోలు ఇక్కడే పెడతాను. మా ఆఫీసాయన తోడొస్తానన్నాడు.