గాలి మొత్తం తిరిగిపోయాక మూడో పందెం చెల్లుతుందా?

అరసవల్లి నాన్న | ఆదివారం రాత్రి 9:10
ఈరోజు కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట, పిల్లల తెరచాప పడవల పందేలు మూడు జరిగాయి. ఆరు చిన్న పడవలు, ఒక్కోదానిలో ఒక్కరే. మొదట వస్తే ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు. మూడూ కలిపి ఎవరికి తక్కువ వస్తే వాళ్ళకి చెన్నైలో నెల రోజుల శిక్షణ, ఖర్చంతా ఒక దాతది.

మూడో పందెం తొమ్మిదీ నలభైకి మొదలెట్టారు. అప్పటికి కొండవైపు గాలి, అదీ చచ్చీచెడి వీస్తోంది. మా పాప ముందుంది. మొదటి బోయా, అంటే పడవలు చుట్టి తిరగాల్సిన తేలే గుర్తు, నాలుగు పడవల దూరంలో ఉందనగా గాలి ఆగిపోయింది. పది నిమిషాలు తెరచాప తడిగుడ్డలా వేలాడింది. ఆ తర్వాత సముద్రం గాలి లేచింది. వెనకున్నవాళ్ళు ఆ గాలి ఎక్కి మా పాపని దాటిపోయారు. ఎదురుగాలిలో వంకరటింకరగా ఎక్కాల్సిన దారి కాస్తా వెనకగాలిలో తిన్నగా పోయే దారి అయిపోయింది. ఇలాంటి పందెం రద్దు చెయ్యరా? ఊరికే అడుగుతున్నాను.

రణస్థలం బుల్లోడు | 9:14
"ఊరికే" అన్నప్పుడే అర్థమైంది సార్ 😀

జెండా మాస్టారు | 9:41
పందెం నడిపిన పడవలో నేనున్నాను కాబట్టి చెప్తాను. తెరచాప పందేల అంతర్జాతీయ నియమావళిలో 32వ నియమం ప్రకారం గాలి చాలకపోయినా, వాతావరణం పాడైనా, బోయా కొట్టుకుపోయినా, భద్రతకో న్యాయానికో భంగం కలిగినా పందెం రద్దు చెయ్యొచ్చు. "చెయ్యొచ్చు" అనే ఉంది, "చెయ్యాలి" అని లేదు. గాలి మారితే తర్వాతి బోయాని జరిపే వీలు 33వ నియమం ఇస్తుంది. మేం అదే చేశాం. ఏ పడవా మొదటి బోయా తిరగకముందే, తర్వాతి బోయా జరిగిందని చెప్పే 'C' జెండా ఎత్తాం, హారన్ మళ్ళీమళ్ళీ కొట్టాం. గాలి తిరగని పందెం కావాలంటే చెరువులో కాగితం పడవలు వేసుకోవాలి.

అరసవల్లి నాన్న | 9:48
మాస్టారూ, హారన్ ఎన్నిసార్లు కొట్టారు? నేను లైట్‌హౌస్ వైపు ఒడ్డున నిలబడ్డాను. నాకు ఒక్కసారే వినిపించింది.

జెండా మాస్టారు | 9:52
నాలుగైదుసార్లు కొట్టాం.

అరసవల్లి నాన్న | 9:53
నాలుగా, ఐదా?

రణస్థలం బుల్లోడు | 9:55
మీకు వినిపించిన ఆ ఒక్కటి శ్రీకాకుళం బస్సుదేమో సార్.

అరసవల్లి నాన్న | 10:20
నవ్వండి. మా కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఎంపిక ఆట వానలోనే ఆడించారు. కోర్టంతా బురద. ఆపమని అడిగితే "ఇద్దరికీ ఒకే వాన" అన్నారు. జారిపడ్డాను, మోకాలు పోయింది. చలికాలం వస్తే ఇప్పటికీ మెట్లెక్కలేను. ఆ రోజు ఎవరైనా ఒక్క విజిల్ వేసి ఉంటే! అందుకే హారన్ గురించి ఇంతలా అడుగుతున్నాను. మూడో పందెం అదృష్టం పందెం. గెలిచిన కుర్రాడు అప్పటికి ఐదో స్థానంలో ఉన్నాడు.

వీరావల్ బోటు | 11:05
గెలిచినోడు మా తమ్ముడు. నేను గుజరాత్‌లో ఉన్నాను, ఇప్పుడే బోటు దిగి ఇది చదివాను. అదృష్టమా అని ఆడికి ఫోన్ చేసి అడిగాను. ఆడు చెప్పింది చెప్తాను. గాలి ఆగేముందు ఒడ్డున సరుగుడు చెట్ల కొనలు కదలడం మానేశాయంట. ముఖద్వారం దగ్గర నీళ్ళ మీద నల్లటి గీత కనపడిందంట, సన్నగా, చీర అంచులా. అందరూ బోయా వైపే చూస్తా కూచుంటే ఈడు చుక్కాని తిప్పి సముద్రం వైపు వెనక్కి పోయాడు. కొత్త గాలి ముందు ఆడికే దొరికింది. ఐదో స్థానంలో ఉండి వెనక్కి పోవడానికి ఎంత గుండె కావాలండీ?

ఇంకో మాట. మొదటి పందెంలో గాలి కుడికి తిరిగినప్పుడు మీ పాప కుడివైపుంది, గెలిచింది. అప్పుడు అదృష్టం గుర్తురాలేదేం?

గార పిల్ల | 11:12
వెనక్కి తిరగడం నేనూ చూశాను. దారి తప్పాడనుకుని మేమంతా అరిచాం.

రణస్థలం బుల్లోడు | 11:20
లెక్క నేను వేస్తానుండండి. పాపకి 1, 2, 5: మొత్తం 8. బాబుకి 3, 3, 1: మొత్తం 7. మూడోది తీసేస్తే పాపకి 3, బాబుకి 6. అదన్నమాట సంగతి.

అరసవల్లి నాన్న | 11:58
అవును, అదే సంగతి. దాచేదేముంది? మీ వాడికి నడక రాకముందే సముద్రం తెలుసు. మా పాప రెండు వేసవులు ఈ అరువు పడవలో నేర్చుకుంది, అంతే. ఇదే ఐఎల్‌సీఏ 4 పడవ మీద 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ రైతు బిడ్డ. భోపాల్ చెరువులో నేర్చుకుంది. సముద్రం లేనివాళ్ళకి కావాల్సింది ఆ ఒక్క అవకాశమే. చెన్నై పంపే స్తోమత నాకు లేదు. మీ వాడికి సముద్రం ఎక్కడికీ పోదు కదా.

వీరావల్ బోటు | 12:26
సముద్రం పోదు బాబూ, ఆడే పోతాడు. పదో తరగతి అయిపోగానే ఆడూ నా ఎనకాల ఇక్కడికే, ఈ బోటు మీదకే. ఇక్కడ తెరచాప లేదు, డీజిల్ ఇంజనే. నెలల తరబడి వల లాగడమే. ఆడికి తెలిసిన గాలి ఇక్కడ ఎవడిక్కావాలి? మీ పాప చెన్నై పోకపోతే మళ్ళీ బడికి పోతాది.

గార పిల్ల | 12:31
...

జెండా మాస్టారు | సోమవారం ఉదయం 6:15
రాత్రి నిద్ర పట్టలేదు. మూడో పందెం ఫలితం మార్చను, అది చెల్లుతుంది. కానీ రెండో చోటు ఇస్తారేమో దాతగారిని అడుగుతాను. మాటివ్వలేను. ఆయన ఒప్పుకుంటే ఆ చోటు కోసం వచ్చే ఆదివారం మిగతా ఐదుగురికీ ఇంకో పందెం పెడతాను.

అరసవల్లి నాన్న | 6:22
పెడితే పొద్దున్న ఏడింటికే పెట్టండి. గాలి తిరగకముందే అయిపోవాలి.

వీరావల్ బోటు | 6:40
పదింటికి పెట్టండి మాస్టారూ. ఆ పాపకి నల్లగీత ఎలా ఉంటాదో మా తమ్ముడు ఒడ్డు మీద నుంచి చూపిస్తాడు.

అరసవల్లి నాన్న | 6:41
ఏడింటికి.