అనుబంధ ప్రాజెక్టుల వివరాలు డాక్యుమెంటేషన్‌లో ఉండాలా?

ప్రశ్న: మా ఓపెన్ సోర్స్ డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లో డ్రైవర్లు (ప్రోగ్రాములను డేటాబేస్‌తో కలిపేవి), బ్యాకప్ సాధనాల వంటి అనుబంధ ప్రాజెక్టుల పట్టిక ఉంది, వాటిలో కొన్ని ఆగిపోయాయి, కొన్నింటి లైసెన్సు మారింది. పట్టికను నమ్మదగినదిగా ఎలా ఉంచాలి?

జవాబు 1: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మాన్యువల్ పాటించే పద్ధతి నాకు నచ్చింది. మూల పంపిణీలో ఉండే క్లయింట్ ఇంటర్‌ఫేసులు (అంటే డ్రైవర్ల వంటివి) సీ భాషకు చెందిన లిబ్‌పీక్యూ, ఈసీపీజీ రెండేనని చెప్పి, మిగిలిన భాషల ఇంటర్‌ఫేసుల జాబితాను ఆ మాన్యువల్ ఎప్పుడైనా సవరించగల వికీకి అప్పగిస్తుంది. ప్రతి వెర్షన్‌కూ వేరే మాన్యువల్ ఉంటుంది కనుక, మాన్యువల్‌లో దూరిన తప్పు పాత ప్రతుల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

జవాబు 2: వికీనైనా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదా! లైసెన్సు దగ్గర మాత్రం వెర్షన్ రాయడం తప్పనిసరి. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సును వదలడంతో దాని నుంచి వాల్కీ అనే వేరే ప్రాజెక్టు చీలి వచ్చింది. 2025లో రెడిస్ 8వ వెర్షన్‌కు ఏజీపీఎల్ అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు కూడా చేరింది.

ప్రశ్న అడిగినవారు: అయితే పట్టికను వికీకి మార్చి, ప్రతి లైసెన్సు పక్కన వెర్షన్‌నూ సరిచూసిన తేదీనీ చేరుస్తాను.