శంకువును వాలుగా కోస్తే కోడిగుడ్డు ఆకారమా, దీర్ఘవృత్తమా? అడ్డుకోతలను కూరగాయలతో బోధించవచ్చునా?

చర్చ ప్రారంభం: ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయిని

ఘనాకృతుల అడ్డుకోతలు చెప్పేటప్పుడు నేను తరగతికి క్యారెట్లు, బంగాళదుంపలు, చాకు తీసుకువెళ్తాను. మొన్న క్యారెట్‌ను వాలుగా కోసి, కోసిన ముఖాన్ని సిరాలో అద్ది కాగితంపై ముద్ర వేస్తే, ఒక కొస సన్నగా, మరొక కొస వెడల్పుగా అచ్చం కోడిగుడ్డు ఆకారం వచ్చింది. "శంకువు కిందికి పోయేకొద్దీ లావెక్కుతుంది కదా టీచర్, మరి రెండు కొసలూ ఒకేలా ఎలా ఉంటాయి?" అని ఒక అమ్మాయి అడిగితే వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఇకపై కంప్యూటర్ బొమ్మలే చూపించాలని సహోపాధ్యాయులు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

సమాధానం: ఇంటర్మీడియట్ గణిత అధ్యాపకుడు

కూరగాయలు మానేయడమే మంచిదండీ. క్యారెట్ అసలు శంకువే కాదు, దాని పక్కలు తిన్నని గీతలు కావు. అయితే ఆ అమ్మాయి సందేహాన్ని తేలికగా తీసుకోకండి. చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో ప్రచురించిన జ్యామితి గ్రంథంలో ఈ కోతను గుడ్డు ఆకారంలోనే గీశాడు. అది పొరపాటు; నిజమైన శంకువును అలా కోస్తే వచ్చేది రెండు కొసలూ ఒకేలా ఉండే దీర్ఘవృత్తమే.

లెక్క ఇలా చెప్పండి. శిఖరం నుండి ఎంత దిగితే అంత వ్యాసార్ధం ఉండే శంకువును తీసుకొని, 2 సెం.మీ. పక్కకు పోతే 1 సెం.మీ. దిగే వాలులో, అక్షాన్ని (శిఖరం నుండి నిలువుగా దిగే మధ్యగీతను) శిఖరానికి 3 సెం.మీ. దిగువన తాకేటట్లు కోశామనుకుందాం. అక్షం దగ్గర కోత సగం వెడల్పు 3 సెం.మీ. అక్కడి నుండి దిగువ వైపు 4 సెం.మీ. పక్కకు జరిగితే లోతు 5, వ్యాసార్ధమూ 5. కానీ అక్షానికి 4 సెం.మీ. దూరం వచ్చేశాం కనుక, 25లోంచి 16 పోగా మిగిలిన 9కి వర్గమూలం, అంటే మళ్లీ 3. శంకువు లావెక్కిన మేరకు కోత దాని అంచుకు జరిగిపోయింది. పై కొస అక్షం నుండి పక్కకు 2, కింది కొస 6 సెం.మీ. దూరంలో ఉంటాయి. అంటే మనం కొలిచిన రెండు చోట్లూ చెరొక కొసకు పక్కకు 2 సెం.మీ. దూరంలోనే ఉన్నాయి, వెడల్పూ ఒకటే. అక్షం తాకిన చోటే కేంద్రమని భ్రమపడటం వల్లే గుడ్డు కనిపిస్తుంది.

సమాధానం: రేకుల పని చేసే ఫ్యాబ్రికేటర్

అధ్యాపకులవారి లెక్క బాగుంది, తీర్పు బాగాలేదు. డ్యూరర్ క్యారెట్ కోయలేదు కదా, కాగితం మీదే పొరబడ్డాడు! లోపం కూరగాయది కాదు, సరైన వస్తువు ఎంచుకోకపోవడానిది. గొట్టాన్ని వాలుగా కోయడానికి మేము కాగితం చుట్టి గీత గీస్తాం. ఆ కాగితాన్ని విప్పితే గీత అలలాగా ఉంటుంది. తెర మీద ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ సంగతి చేతికి పట్టుబడదు. క్యారెట్‌కు బదులు పారదర్శకమైన గరాటు సన్నని మూతిని మైనంతో మూసి, రంగునీళ్లు పోసి వంచి చూడండి. నీటి ఉపరితలాన్ని మించిన చదునైన కోత ఏ చాకుతోనూ రాదు.

సమాధానం: ఉపాధ్యాయిని

గరాటు ప్రయోగం చేశాం. వంచిన గరాటును ఇటుకల మధ్య కదలకుండా నిలిపి, నీటి ముఖానికి సరిపోయేలా పలుచని ప్లాస్టిక్ షీటును కత్తిరించి, దాని కొసలు తారుమారు చేసి మళ్లీ తేల్చితే అంచంతా సరిపోయింది. గుడ్డు ఆకారమైతే సరిపోయేది కాదు. బంగాళదుంపను మాత్రం వదలను. 4 సెం.మీ. ఘనంగా చెక్కి, ఆరు అంచుల మధ్యబిందువుల గుండా కోసినప్పుడు క్రమ షడ్భుజి బయటపడితే పిల్లలు బల్లల మీద నుండి లేచి వచ్చారు. ఏడు భుజాలు ఎందుకు రావో కూడా, ఘనానికి ముఖాలు ఆరే కనుక, వాళ్లే చెప్పారు.

సమాధానం: అధ్యాపకుడు

దీర్ఘవృత్తం వరకు ఒప్పుకుంటాను. కానీ నీటి మట్టం గరాటు పక్కకు సమాంతరమయ్యేలా వంచితే నీళ్లన్నీ ఒలికిపోతాయి. మరి శంకువు పక్కకు సమాంతరంగా కోస్తే వచ్చే, ఒకవైపు మూసుకోని వంపును, అంటే పరావలయాన్ని, దేనితో చూపిస్తారు?

సమాధానం: ఫ్యాబ్రికేటర్

టార్చిలైటుతో. కాంతి శంకువు పై అంచు గోడకు సమాంతరంగా ఉండేలా పట్టుకోండి, గోడే కోత అవుతుంది.