మొదట కొనాల్సింది డ్రిల్లా, ఇంపాక్ట్ డ్రైవరా?

కొత్తిల్లు_హన్మకొండ:
నయీంనగర్‌లో ఫ్లాట్‌లోకి దిగి నెల అయింది. కర్టెన్ రాడ్లు, వంటింట్లో రెండు అరలు, పిల్లల గదిలో చెక్క అల్మారా బిగించాలి. మనిషిని పిలిస్తే రెండు హోల్స్‌కు మూడు వందలు అడుగుతున్నాడు, అదీ రేపు వస్తానని వారానికి వస్తాడు. ఎనిమిది వేల లోపు ఒక్క బ్యాటరీ మిషన్ కొందామని ఉంది. మా బావమరిది ఇంపాక్టే తీసుకొమ్మంటున్నాడు. డబ్బాల మీద చూస్తే డ్రిల్‌కు 50 న్యూటన్ మీటర్లు, ఇంపాక్ట్‌కు 160 అని ఉంది. బలం ఎక్కువున్నదే కొనాలి కదా?

టేకుచెక్క:
మీ బావమరిది మాటే నాదీ. ములుగు రోడ్డులో ఇరవై ఏళ్లుగా దర్వాజలు, తలుపులు చేస్తున్నా. నాలుగంగుళాల స్క్రూను టేకులోకి డ్రిల్‌తో ఎక్కిస్తుంటే చివర్లో మిషనే చేతిని మెలి తిప్పుతుంది. ఇంపాక్ట్‌లో బరువు పడగానే లోపలి సుత్తి తిరిగే వైపే టకటకా కొడుతుంది. ఆ బలం స్క్రూకు పోతుంది, మణికట్టుకు రాదు. నిచ్చెన మీద ఒంటి చేత్తో పని చేసినవాడికే ఆ సుఖం తెలుస్తుంది.

వైరుమనిషి_కరీంనగర్:
అన్నా, మీది చెక్క పని. ఆయన సగం పని గోడ మీద. ఆ సుత్తి దెబ్బ తిరిగే వైపు పడుతుంది కానీ గోడలోకి పడదు. 160 అని రాసింది స్క్రూలు, బోల్టుల లెక్క. గోడకు హోల్ పడాలంటే బిట్టును, అంటే హోల్ వేసే పుల్లను, ముందుకు కొట్టే హ్యామర్ కావాలి.

అసలు తిరకాసు పేరులో ఉంది. 'ఇంపాక్ట్ డ్రిల్' అంటే హ్యామర్ ఉన్న డ్రిల్లే, 'ఇంపాక్ట్ డ్రైవర్' వేరు. షాపులో ఉత్త 'ఇంపాక్ట్' అంటే ఏది చేతికొస్తుందో మీ అదృష్టం. బాష్ వాళ్ల మిషన్ల మీద జీఎస్‌బీ అని ఉంటే హ్యామర్ ఉన్న డ్రిల్, జీఎస్‌ఆర్ అంటే హ్యామర్ లేనిది, జీడీఆర్ అంటే ఇంపాక్ట్ డ్రైవర్. ఆ మూడక్షరాలు చూడకుండా డబ్బులు ఇవ్వకండి.

టేకుచెక్క:
వెనక కాడ ఆరు పలకలుగా ఉండే గోడ బిట్లు కూడా దొరుకుతాయి తమ్మీ, ఇంపాక్ట్ నోట్లో పట్టేవి అవే. ఇంపాక్ట్‌కు పెట్టి ఇటుక గోడకు స్క్రూ పట్టే గిట్టీలు ఎన్నో వేశా.

వైరుమనిషి_కరీంనగర్:
ఇటుకలో పడుతుంది, కాదనను. కానీ కర్టెన్ రాడ్ వచ్చేది ఎక్కడ? కిటికీ మీద. అక్కడ ఉండేది ఇటుక కాదు, లింటెల్ కాంక్రీటు. అక్కడ మీ ఇంపాక్ట్ చేసేది చప్పుడు ఒక్కటే.

బాయిదోస్త్_గోదావరిఖని:
లింటెల్ దగ్గర ఇద్దరూ ఓడిపోతారు. బ్యాటరీ డ్రిల్‌లో హ్యామర్ అంటే రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగరడం, అంతే. ఇటుకకు చాలు. కాంక్రీటుకు రోటరీ హ్యామర్ కావాలి, అందులో దెబ్బ కొట్టేది గాలి ఒత్తిడితో నడిచే పిస్టన్. కరెంటుదే ఒక పూటకు అద్దెకు తెచ్చి లింటెల్ హోల్స్ అన్నీ ఒకేసారి కొట్టేసుకోండి.

ఇంకో మాట. 18 వోల్టులు, 20 వోల్టులు అని రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే 20 గొప్పదనుకోకండి. రెండింట్లోనూ ఐదు సెల్లులే. ఒక్కోటి 3.6 లెక్కన 18. నిండా ఛార్జి అయితే ఒక్కోటి నాలుగు దాటుతుంది, డబ్బా మీద 20 వేసేది ఆ లెక్కతోనే. మే నెలలో మా దగ్గర కారులో బ్యాటరీ వదిలేస్తే దాని ఆయుష్షు అక్కడే తగ్గుతుంది. వేడి మీదే ఛార్జింగ్ కూడా పెట్టకండి.

కాజీపేట_కిచెన్:
అందరూ క్లచ్ సంగతి మరిచారు. డ్రిల్ మెడ మీద అంకెల రింగు ఉంటుంది కదా, పెట్టిన అంకెకు బిగువు చేరగానే క్లచ్ టకటకమని జారి స్క్రూను తిప్పడం ఆపేస్తుంది. సాధారణంగా ఇంపాక్ట్‌లో ఆ రింగు ఉండదు. మా కుర్రాడు ఇంపాక్ట్‌తో పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలక) తలుపులకు మడతబందులు వేశాడు. స్క్రూ కూర్చున్నాక అర సెకను ఎక్కువ నొక్కాడు, బోర్డు లోపలే పొడైపోయింది. రెండు తలుపులు నా జేబులోంచి పోయాయి. ఆయన అల్మారా కూడా ఆ సరుకే అయితే?

టేకుచెక్క:
ట్రిగ్గర్ మీద వేలు అదుపులో లేకపోతే మిషన్ తప్పా? అయినా నిజం చెప్పాలి. టేకులో ఇత్తడి స్క్రూలు నేనూ విరగ్గొట్టాను. ఇప్పుడైతే ముందు సన్నటి హోల్ వేసి, ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసి, ఇత్తడిదానికి కాస్త సబ్బు రాసి చేత్తో తిప్పుతా. ఆ సన్నటి హోల్ వేసేది డ్రిల్‌తోనే, ఒప్పుకుంటా. గుండ్రటి కాడ బిట్టు ఇంపాక్ట్‌లో పట్టదు.

వైరుమనిషి_కరీంనగర్:
చూశారా, ఆయన నోటే వచ్చింది!

కొత్తిల్లు_హన్మకొండ:
నిన్న పక్క ఫ్లాట్ వాళ్ల డ్రిల్ అడిగి తెచ్చి చూశా. హాల్లో ఇటుక గోడకు నిమిషంలో పడింది. కిటికీ మీద వేలెడు కూడా దిగలేదు, బిట్టు కొస నీలంగా మారింది. కాబట్టి హ్యామర్ ఉన్న బ్యాటరీ డ్రిల్ కొంటున్నా, లింటెల్‌కు ఆదివారం రోటరీ హ్యామర్ అద్దెకు తెస్తున్నా. అల్మారా పార్టికల్ బోర్డే. బావమరిదికి ఇంకా చెప్పలేదు.

టేకుచెక్క:
మంచిది. కొనేటప్పుడు అదే బ్యాటరీ పట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉన్న కంపెనీదే తీసుకోండి, సాధారణంగా ఒకరి బ్యాటరీ ఇంకొకరి మిషన్‌కు పట్టదు. ఆర్నెల్లలో మణికట్టు నొప్పి అంటూ మీరు ఇక్కడికే వస్తారు, అప్పుడు బ్యాటరీ లేకుండా ఉత్త మిషన్ కొంటే సరిపోతుంది.