సపెరావి తాగితే పళ్లు ఊదా రంగైపోయాయి, మామూలేనా?

ప్రశ్న:
జార్జియా వెళ్లొచ్చిన ఫ్రెండ్ రెండు సీసాలు తెచ్చిచ్చాడు. రెండిటి మీదా సపెరావి అనే ఉంది, బుడగలూ గిడగలూ లేని మామూలు రెడ్ వైనే. మొదటిది పోస్తే సిరాలా ఉంది, గ్లాసు వెనక వేలు పెడితే కనబడలేదు. ఒక గుక్క వేశానో లేదో పులుపుకి దవడలు లాగేశాయి, దాని వెనకే వగరు. అద్దంలో చూసుకుంటే నేరేడుపళ్లు తిన్నట్టు నాలుకా పళ్లూ ఊదా. రెండోదేమో తియ్యగా ఉంది! ఒకే ద్రాక్షకి ఇంత తేడానా? రంగేమైనా కలిపారా, మొదటిది పాడైందా?

జవాబు 1:
పుల్లగా ఉందంటే పాడైనట్టే బ్రో, పారబొయ్యి.

జవాబు 2:
దయచేసి పారబోయకండి. పాడైతే మూత తియ్యగానే వెనిగర్ వాసన ముక్కుకి కొడుతుంది, సపెరావికి పులుపు పుట్టుకతోనే ఎక్కువ. ఇక రంగు అంటారా, చాలా నల్ల ద్రాక్షల్ని పిండితే రసం దాదాపు తెల్లగానే వస్తుంది, తొక్కలు అందులో నానితేనే వైన్ ఎర్రబడుతుంది. దీనికి తొక్కతో పాటు లోపలి కండ కూడా ఎరుపే. ఇలాంటి రకాలు తక్కువ, ఫ్రాన్స్‌లో పుట్టిన అలికాంటె బుషె ఇంకొకటి. అసలు జార్జియన్‌లో సపెరావి అన్న మాటకే రంగు, అద్దకం అని అర్థం.

జవాబు 3:
లేబుల్ మీద ఇంకో పేరుందేమో చూడండి. ముకుజాని అయితే డ్రై, అంటే తీపి ఉండదు, ఓక్ చెక్క పీపాల్లో నిలవ ఉంచుతారు. కిండ్జమరావులి అయితే కాస్త తీపి. రెండూ జార్జియాలోని కాఖేతి ప్రాంతంవే, అలజాని నదికి చెరో ఒడ్డు. కిండ్జమరావులిని పులుస్తుండగా మధ్యలో చల్లబరిచి ఆపేస్తారు కాబట్టి ద్రాక్షలోని చక్కెర కొంత అలాగే మిగిలిపోతుంది, అదీ ఆ తీపి. నాకైతే నచ్చదు, అంత మంచి పులుపుకి ముసుగేసినట్టుంటుంది.

ప్రశ్న అడిగింది నేనే:
కరెక్ట్, తియ్యనిది కిండ్జమరావులే! మొదటిదాని మీద క్వెవ్రి అని ఉంది, అదేంటి?

జవాబు 2:
మూతి దాకా నేలలో పాతిపెట్టే పెద్ద మట్టి కుండ. కోడిగుడ్డు ఆకారం, లోపల తేనెమైనం పూత. తొక్కలూ గింజలూ రసంతో పాటే అందులో పులుస్తాయి, మీకు తగిలిన వగరుకి అదీ ఒక కారణం. ఈ పద్ధతిని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. మిగిలింది వెడల్పాటి జగ్గులోకి వంపి గంటో గంటన్నరో వదిలేయండి, ఉత్తినే కాకుండా కొవ్వున్న మాంసంతో తాగండి.

ప్రశ్న అడిగింది నేనే:
గంటన్నర ఆగాను. వగరు బాగా మెత్తబడింది, పులుపు మాత్రం తగ్గేదే లేదంటోంది, అయినా మాంసంతో పాటు దిగిపోయింది. కాకపోతే తెల్ల చొక్కా మీద ఓ చుక్క పడింది, రెండుసార్లు ఉతికినా పోవట్లేదు.

జవాబు 1:
పేరే రంగట కదా బ్రో. చొక్కా అయినా పారబొయ్యి.