కొలువు మండపానికి నల్ల ప్రైమర్ కొట్టొచ్చా?

రాజోలు కుర్రాడు:
మా నాయనమ్మ సంక్రాంతి కొలువు పెట్టెలో పాత మట్టి మండపం దొరికింది. నాలుగు స్తంభాలు, పైన బుల్లి గోపురం. బల్ల మీద బుల్లి సైనికుల బొమ్మలతో ఆడే ఏజ్ ఆఫ్ సిగ్మార్ ఆటలో మాకు పాడుబడ్డ గుడి ఒకటి కావాలి. ద్వారం నాలుగు సెంటీమీటర్లుంది, 28 మిల్లీమీటర్ల బొమ్మలకి సరిగ్గా కుదిరింది. నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కొట్టి, పైన బూడిద రంగు డ్రైబ్రష్ చేద్దామని, అంటే దాదాపు పొడి కుంచెతో పైపైన రుద్దుదామని ఉంది. ఇంట్లో సరేనన్నారు. మీరేమంటారు? ఫొటో పెట్టాను.

పాలకొల్లు:
వద్దు తమ్ముడూ. ఆ ఫొటో పెద్దది చేసి చూడు. స్తంభం మీద ఎర్ర గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఎవరో కుంచె పట్టి గీసింది అది. ఇలాంటి పాత మట్టిబొమ్మల మీద చాలావరకు నీళ్ల రంగులే. ప్రైమర్ పడ్డాక రుద్ది తీయబోతే కింది రంగూ దాంతోపాటే ఊడొస్తుంది.

భీమవరం:
నేనొప్పుకోనండి. కొలువు బొమ్మలూ పిల్లలు ముచ్చటపడేందుకు చేసినవే. ఈ చెమ్మలో పెట్టెలో బూజు పట్టేకన్నా నలుగురు ఆడే బల్ల మీదుంటేనే దానికి విలువ. మేమైతే చేపల తొట్టెల్లో పెట్టే పాత రెసిన్ కోటలు సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి వాడుతున్నాం. వానాకాలంలో మాత్రం స్ప్రే జోలికి పోకండి, తెల్లగా పొగబారుతుంది. కుంచెతో వేసుకోవాలి.

పాలకొల్లు:
చేపతొట్టె కోట అచ్చులో పోసింది, అలాంటిది రేపైనా దొరుకుతుంది. దానికి ఏ రంగేసినా నాకు పేచీ లేదు. బూజు భయమైతే మెత్తటి పొడి కుంచెతో దులిపి, గాలి తగిలే చోట పెట్టండి.

అమలాపురం:
అచ్చు తీసి ప్లాస్టర్‌తో పోసుకుంటే? మండపం మండపంలా ఉంటుంది.

పాలకొల్లు:
తడి తగిలితే ఆ రంగు లేచిపోతుందండీ. కొలతలు తీసుకుని థర్మోకోల్‌తో కట్టడం నయం. స్ప్రే నేరుగా కొడితే థర్మోకోల్ కరిగిపోతుంది. ముందు ఫెవికాల్‌లో నల్ల ఆక్రిలిక్ కలిపి అంతటా పూయాలి. నేలకి మన కొబ్బరి పొట్టు చాలు. బాగా ఎండబెట్టి జిగురు మీద చల్లితే తడి మట్టి రంగు దానంతటదే వస్తుంది, మళ్లీ రంగెయ్యక్కర్లేదు.

రాజోలు కుర్రాడు:
అదే పెట్టెలో గోపురం విరిగిన మండపం ఇంకోటి ఉందన్నా. రంగు దాదాపు పోయింది. దానికి వెయ్యొచ్చా?

పాలకొల్లు:
దానికి వేసుకో. రంగు మిగిలిన ముక్క ఏదైనా ఉంటే అంతవరకు వదిలెయ్.

భీమవరం:
విరిగినదానికి సరే, నిండుగా ఉన్నదానికి కూడదంటే నాకు సబబనిపించట్లేదు. వస్తువు ఇంటివాళ్లది, వాళ్లే సరేనన్నారు.