జూలైలో ముంబైలో రెండు రాత్రులు: అర్ధరాత్రి దాటాక ఇద్దరు ఆడవాళ్లం తిరగొచ్చా?

కాకినాడ_అక్క:
ఆఫీసు పని మీద ముంబై వెళ్తున్నాను, మా చెల్లి కూడా వస్తోంది. బస ఫోర్ట్ ప్రాంతంలో. పగలంతా నాకు మీటింగులే, శుక్ర శనివారాలు రాత్రి ఏడు నుంచి మాత్రం ఖాళీ. ఇద్దరికీ మందు అలవాటు లేదు. పది కొట్టగానే గదికొచ్చి పడుకోవడానికా ఇంత దూరం వచ్చింది అని చెల్లి ఇప్పటినుంచే గొడవ, అమ్మకేమో టెన్షన్. అక్కడ ఉన్నవాళ్లు నిజం చెప్పండి, ఎంతవరకు తిరగొచ్చు, ఎలా తిరిగి రావాలి?

రాత్రి_షిఫ్ట్:
తిరగొచ్చండి. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాను, అందులో సగం రాత్రి డ్యూటీలే. మెరైన్ డ్రైవ్‌కి సాయంత్రం వెళ్లి గంటలో వచ్చేయకండి, తొమ్మిది దాటాక వెళ్లండి. నారిమన్ పాయింట్ వైపు గట్టు మీద కూర్చుంటే చౌపాటీ మీదుగా మలబార్ హిల్ దాకా దీపాలు వంపు తిరిగి కనిపిస్తాయి, క్వీన్స్ నెక్లెస్ అనేది దాన్నే. పరీక్షలైపోయిన పిల్లలు, ముసలి దంపతులు, ఇరుకింట్లో నలుగురి మధ్య మాట్లాడుకోలేక వచ్చిన కొత్త జంటలు, అందరూ సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు, పక్కవాళ్లను ఎవరూ పట్టించుకోరు. నాకు ఈ ఊరు నచ్చింది అక్కడ కూర్చున్నాకే. చర్చ్‌గేట్ దగ్గర కె. రుస్తుంలో రెండు పలచటి బిస్కెట్ల మధ్య ఐస్‌క్రీం ముక్క పెట్టిస్తారు, అది తింటూ నడవండి.

కానీ జూలై కదా, పోటు సమయం చూసుకుని వెళ్లండి. పెద్ద పోటు రోజుల్లో అల గట్టు దాటి రోడ్డు మీద పడుతుంది, గట్టు కింద ఉండే కాంక్రీటు దిమ్మల మీదకి ఎవరు దిగినా మీరు దిగొద్దు.

తిరుగు ప్రయాణం: లోకల్ రైళ్లు రాత్రి ఒంటి గంట ప్రాంతంలో ఆగి మళ్లీ నాలుగు దాటాకే మొదలవుతాయి. రాత్రిపూట ఆడవాళ్ల పెట్టెలో పోలీసు ఉంటారు. ఫోర్ట్ వైపు ఆటోలు రావు, ట్యాక్సీలే. మీటర్ వేయమనండి. అర్ధరాత్రి నుంచి ఐదు దాకా పావు వంతు ఎక్కువ తీసుకుంటారు, అది రూలే, గొడవ పడకండి.

బాంద్రా_బాబు:
గట్టు మీద కూర్చోవడం బాగానే ఉంటుంది గాని, రెండు రాత్రులూ అదేనా? మందు తాగకపోయినా పాటల కోసం పబ్‌కి వెళ్లేవాళ్లు బోలెడు. ఒంటిగంటన్నరకి మూసేస్తారు కాబట్టి తొందరగా వెళ్లాలి. చెల్లి వయసెంత? ఇక్కడ బీరుకి 21, ఘాటు మందుకి 25 నిండాలి, కొన్ని చోట్ల గుమ్మం దగ్గరే గుర్తింపు కార్డు అడుగుతారు. నాటకాలు ఇష్టమైతే జుహూలో పృథ్వీ థియేటర్, 1978 నుంచి ఉంది, చిన్న హాలు, నటుల చెమట కూడా కనిపిస్తుంది. ఆట మొదలయ్యాక లోపలికి రానివ్వరు, శుక్రవారం ట్రాఫిక్ లెక్క వేసుకుని గంటన్నర ముందే బయల్దేరండి.

వర్లీ_మనవడు:
అక్కా, నాది ఇంకో మాట. మా తాత తెలంగాణ నుంచి బట్టల మిల్లులో పనికని వచ్చి వర్లీలో స్థిరపడ్డాడు. ఆయన రోజుల్లో ఈ ఊరి రాత్రి అంటే మూడో షిఫ్టే, దాని చుట్టూనే చాయ్ కొట్లు, భోజనం మెస్సులు తెల్లార్లూ నడిచేవట. 1982 మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు లోయర్ పరేల్‌లో జనం ఎగబడే పబ్బులు, మాల్స్ చాలావరకు ఆ ఆవరణల్లోనే ఉన్నాయి. పైకి చూడండి, కొన్నిచోట్ల పాత చిమ్నీ ఇంకా నిలబడి ఉంటుంది. నేను ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆగి చూస్తాను.

శనివారం మాత్రం త్వరగా పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి లేవండి, దాదర్ పూల మార్కెట్‌కి వెళ్లండి. స్టేషన్ పక్కనే. తడిసిన బంతిపూల గుట్టలు, తలమీద బుట్టలతో పరుగులు, ఆ వాసన రోజంతా చేతుల్లోంచి పోదు. చేపల వేలానికి ససూన్ డాక్‌కి వెళ్లమని ఎవరైనా చెప్తే ఇప్పుడు వద్దు. మన కోస్తాలో వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది గాని ఇక్కడ జూలై 31 దాకా ఉంటుంది, పడవలన్నీ ఒడ్డునే.

కాకినాడ_అక్క:
చెల్లికి చదివి వినిపించాను, దాదర్ ఖాయం అంది. శుక్రవారం మెరైన్ డ్రైవ్. @రాత్రి_షిఫ్ట్ గారూ, ఆ గాలికి గొడుగు నిలుస్తుందా?

రాత్రి_షిఫ్ట్:
నిలవదు. రెయిన్‌కోటు తెచ్చుకోండి, ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు.